ఆ హెచ్చరిక ఏమైంది? తెలంగాణ శాసనసభ సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనసభ సభ్యులకు,



మాది రాష్ట్రం అంచున ఉన్న నారాయణఖేడ్. పడమటికి పోతే బీదర్, ఉత్తరానికి పోతే దెగ్లూర్, నాందేడ్. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడేదాకా మా తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. వందకు పైగా కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాదులో ఏళ్ల కిందట జరిగిన పేలుళ్ల గురించి ఇక్కడినుంచి లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. హైదరాబాదు బస్టాపులో నిలబడే జనంలో జిల్లాల మనుషులు లేని రోజు ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ సంగతే చూడండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, ముగ్గురు నలుగురు కలిసి అద్దెకుండే గదులు. కొలువు కోసం చదివే పల్లె పిల్లలకు అది బాగా తెలిసిన అడ్రసు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో చనిపోయినవాళ్లలో మహారాష్ట్రలోని సంగమనేరు నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. నగరంలో బాంబు పేలితే ఏడుపులు ఎక్కడెక్కడి ఊళ్లలోనో వినబడతాయి. అందుకే ఈ లేఖ రాసే హక్కు ఖేడ్ ఓటరుకు ఉన్నదనుకుంటున్నాను.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. బాంబు పెట్టినవాడి నేరాన్ని తేల్చడానికి మనకు పోలీసులు, ఎన్‌ఐఏ, కోర్టులు ఉన్నాయి. ఆలస్యంగానైనా అవి తమ పని చేస్తున్నాయి. ఆ బాంబు పేలకముందు ప్రభుత్వానికి ఏం తెలుసు, తెలిసినదానితో ఏం చేసింది, చేయవలసింది ఏదైనా మిగిలిపోతే ఎందుకు మిగిలిపోయింది అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పి తీరవలసినవాళ్లు ఎవరూ లేరు. ఆ జవాబును గడువులోగా మీ సభ ముందు పెట్టాలన్న నియమం మీరు చేయాలి. ఉగ్రవాద దాడి జరిగినప్పుడల్లా రాజకీయ బాధ్యత అన్న మాట వినిపిస్తుంది. కొందరు దాన్ని రాజీనామా అనుకుంటారు, కొందరు ఎక్స్‌గ్రేషియా ప్రకటన, ఆస్పత్రి పరామర్శతో తీరిపోయిందనుకుంటారు. నేను దాన్ని లెక్క అప్పజెప్పడం అంటాను. ఆ లెక్క ఇంతవరకు మనకు ఎవరూ అప్పజెప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌నే తేదీల వారీగా చూడండి. 2002 నవంబరు 21న అక్కడి సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలి ఇద్దరు చనిపోయారు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోనూ కోఠి గోకుల్ చాట్‌లోనూ పేలుళ్లు జరిగి 40 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ రాత్రే దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి దగ్గర పేలని బాంబు ఒకటి దొరికింది. అంటే అది ముష్కరుల జాబితాలో ఉన్న చోటని 2007 నాటికే రుజువైంది. 2012 అక్టోబరులో ఢిల్లీ పోలీసులు పుణె పేలుళ్ల కేసులో ఇండియన్ ముజాహిదీన్ అనుమానితులను కొందరిని పట్టుకున్నారు. వాళ్లలో ఒకడు హైదరాబాదులో మోటారు సైకిలు మీద తిరిగి దిల్‌సుఖ్‌నగర్, బేగంబజార్, అబిడ్స్‌లలో రెక్కీ చేసినట్లు విచారణలో చెప్పాడని ఢిల్లీ పోలీసులే వెల్లడించారు. ఆ సంగతి పత్రికల్లో వచ్చింది, దేశమంతా చదివింది. నాలుగు నెలలు నిండకముందే, 2013 ఫిబ్రవరి 21 గురువారం సాయంత్రం ఏడు గంటల వేళ, సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు దిల్‌సుఖ్‌నగర్‌లో పేలాయి. ఒకటి 107 బస్టాపు దగ్గర, రెండోది ఏ1 మిర్చి సెంటర్ దగ్గర. 18 మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు.

ఆ రాత్రి అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే ఒక మాట చెప్పారు. దాడి జరిగే అవకాశం ఉందని రెండు రోజుల ముందే రాష్ట్రాలను హెచ్చరించామన్నారు. అవి మామూలుగా వచ్చే హెచ్చరికలే, ఫలానా చోట ఫలానా వేళ అని అందులో లేదని అప్పటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి అన్నారు. ఇద్దరి మాటలూ నిజమే కావచ్చు. పార్లమెంటు దాడి కేసులో అఫ్జల్ గురును ఉరితీసి రెండు వారాలు కూడా కాని రోజులవి. ఎక్కడో ఒకచోట ప్రతీకారం జరుగుతుందని అనుకోవడానికి నిఘా వర్గాల అవసరమే లేదు. అంత విశాలమైన హెచ్చరికతో ఒక నగర పోలీసు కమిషనర్ ఏం చేయగలడన్న ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఆ ఫిబ్రవరి హెచ్చరికను అక్టోబరు సమాచారం పక్కన పెట్టి చూస్తే సంగతి మారిపోతుంది. ఎప్పుడు అన్నది ఒక కాగితంలో ఉంది, ఎక్కడ అన్నది ఇంకో కాగితంలో ఉంది. ఆ రెండు కాగితాలనూ ఒక బల్ల మీద పెట్టి చదివిన మనిషి ఉన్నాడా? ఉంటే ఆయన ఏం చేశాడు? లేకపోతే ఆ పని ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు ఇన్నేళ్లలో అధికారికమైన సమాధానం ప్రజల ముందుకు రాలేదు.

ఇంకో వివరం చెబుతాను, ఇది నన్ను బాగా కలవరపెడుతుంది. ఆ రెండు బాంబుల మధ్య దూరం నాలుగడుగులు వేస్తే చేరుకునేంతే. కేసులు మాత్రం ఒకటి మలక్‌పేట స్టేషనులోనూ, ఇంకొకటి సరూర్‌నగర్ స్టేషనులోనూ నమోదయ్యాయి. ఒక స్టేషను అప్పుడు హైదరాబాదు కమిషనరేటుది, మరొకటి సైబరాబాదుది. అక్టోబరులో ఢిల్లీ నుంచి సమాచారం వచ్చి ఉంటే ఏ కమిషనరేటుకు వచ్చింది? రెండింటికీ వచ్చిందా? సాయంత్రం గస్తీ తిరిగే కానిస్టేబులుకు, వదిలేసిన సైకిలు కనబడితే అనుమానించమని ఎవరైనా చెప్పారా? పైనుంచి చూసేవాళ్లకు ఇవి చిన్న ప్రశ్నలుగా తోచవచ్చు. బాంబును ఆపగలిగే చోటు మాత్రం ఆ కింది మెట్టే. ఢిల్లీలో తెలిసిన సంగతి సరూర్‌నగర్ బీటు కానిస్టేబులు చెవిన పడేలోపు ఎన్ని బల్లలు దాటాలో, ఏ బల్ల మీద ఆగిపోయిందో తెలియకుండా మనం దేన్ని సరిచేసుకోగలం?

కోర్టు తన పని చేసింది. ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం 2016 డిసెంబరు 19న యాసిన్ భత్కల్ సహా ఐదుగురికి మరణశిక్ష వేసింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న దాన్ని ఖరారు చేసింది. పేలుళ్లు జరిగి పన్నెండేళ్లు దాటాక వచ్చిన తీర్పు. ఎవరు కుట్ర పన్నారు, ఎవరు సైకిలు కొన్నారు, ఎవరు బాంబు కట్టారు అన్నదాకా ఆ విచారణలో తేలింది. హెచ్చరిక ఎవరికి అందింది, ఎవరు చదివారు అన్నది అందులో లేదు, ఉండదు కూడా. నిందితుడి నేరాన్ని తేల్చడం క్రిమినల్ కోర్టు పని, ప్రభుత్వ పనితీరును తూచడం దాని పని కాదు. ఆ పని చట్టసభది. మీరు చేయకపోతే దాన్ని చేయగలిగిన వేదిక ఇంకొకటి లేదు.

బాధ్యత తప్పించుకోవడానికి మన వ్యవస్థలో ఎప్పుడూ ఒక సందు ఉంటుంది. పోలీసు వ్యవస్థ, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో మొదటి రెండు అంశాలు. ఇంటెలిజెన్స్ బ్యూరో కేంద్రం చేతిలో ఉంది. దాడి జరిగితే మేము చెప్పామని కేంద్రం అంటుంది, చెప్పవలసినట్లు చెప్పలేదని రాష్ట్రం అంటుంది. తిలా పాపం తలా పిడికెడు అయ్యాక ఎవరి పిడికిట్లో ఎంత ఉందో చూసే దిక్కుండదు. ముంబై దాడుల తర్వాత ఈ రెండు అంచెలనూ కలపాలని 2012లో జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రాన్ని పెట్టబోయారు. ఇంటెలిజెన్స్ బ్యూరో కింద పనిచేసే సంస్థకు అరెస్టు అధికారం ఇవ్వడం రాష్ట్రాల హక్కులను లాక్కోవడమేనని పలువురు ముఖ్యమంత్రులు వ్యతిరేకించారు. వారిలో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ కూడా ఉన్నారు. ఆ అభ్యంతరం కొట్టిపారేయవలసింది కాదు. రాజకీయ అదుపు లేని నిఘా సంస్థకు అరెస్టు అధికారం ఇస్తే ఏమవుతుందోనన్న భయం నాకూ ఉంది. ఆ కేంద్రం పుట్టకుండానే ఆగిపోయింది. సరే, ఆగిపోనివ్వండి. రాష్ట్రాల హక్కుల పేరుతో దాన్ని వద్దన్న రాష్ట్రాలు, హక్కుతోపాటు వచ్చే లెక్కను తమ చట్టసభల్లోనైనా చెప్పాలి కదా.

రాజీనామాల సంగతికి వస్తాను. మా సరిహద్దు దాటి ఉద్గీర్ మీదుగా పోతే లాతూర్ వస్తుంది. 2008 నవంబరు 26 ముంబై దాడుల తర్వాత రాజీనామా చేసిన కేంద్ర హోంమంత్రి శివరాజ్ పాటిల్, మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాస్‌రావు దేశ్‌ముఖ్ ఇద్దరూ ఆ జిల్లావాళ్లే. రాష్ట్ర హోంమంత్రి ఆర్.ఆర్. పాటిల్ కూడా తప్పుకున్నారు. పెద్ద పదవులు మూడు ఖాళీ అయ్యాయి కాబట్టి బాధ్యత వహించినట్టేనని అనిపిస్తుంది. ఆ రోజుల్లో జనం దేనికి మండిపడ్డారో గుర్తు తెచ్చుకోండి. 2008 సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్ల రాత్రి శివరాజ్ పాటిల్ ఎన్నిసార్లు బట్టలు మార్చుకున్నారన్నది పెద్ద చర్చ. దేశ్‌ముఖ్ సినీ దర్శకుడు రాంగోపాల్ వర్మను వెంటబెట్టుకుని తాజ్ హోటల్ చూడటానికి వెళ్లారన్నది ఇంకో చర్చ. పెద్ద నగరాల్లో ఇలాంటి చిన్న సంఘటనలు జరుగుతుంటాయన్న అర్థంలో ఆర్.ఆర్. పాటిల్ నోరుజారడం మరొకటి. ముగ్గురినీ దించేసిన ఆగ్రహం వాళ్ల తీరు మీద, మాట మీద. వాళ్లు ముందుగా చేయవలసి ఉండి చేయనిదేమిటో అప్పటికి ఎవరూ తేల్చలేదు. ఏడాది తిరిగేలోపే ఆర్.ఆర్. పాటిల్ మళ్లీ హోంమంత్రి అయ్యారు. దేశ్‌ముఖ్ 2009లో కేంద్ర మంత్రివర్గంలో చేరారు. శివరాజ్ పాటిల్ 2010లో పంజాబ్ గవర్నర్ అయ్యారు. వాళ్లకు ఆ పదవులు రాకూడదని నా వాదన కాదు. విచారణ లేని రాజీనామా శిక్షా కాలేదు, పాఠమూ కాలేదని మాత్రం అంటున్నాను. ఆ దాడుల నుంచి ఏమైనా నేర్చుకోగలిగామంటే అది మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రామ్ ప్రధాన్ కమిటీ వల్లే. ఇద్దరు సభ్యుల ఆ కమిటీ నివేదికను మొదట దాచిపెట్టారు, ఒత్తిడి వచ్చాక 2009 డిసెంబరులో సభ ముందు పెట్టారు. అప్పటి ముంబై పోలీసు కమిషనర్ తీరును అది తప్పుపట్టింది. కేంద్ర సంస్థల జోలికి పోయే అధికారం దానికి లేదు. అయినా ఆ మాత్రం పని మన రాష్ట్రంలో జరగలేదు.

బాధ్యత అనగానే లాల్‌బహదూర్ శాస్త్రిని తలుచుకోవడం మనకు అలవాటు. ఆ కథ మొదలైంది మన మహబూబ్‌నగర్‌లోనే. 1956 సెప్టెంబరులో అక్కడ వరదకు వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రిగా శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు కాకుండానే నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర వరద నీటికే ఇంకో వంతెన దెబ్బతిని ఇంకో రైలు పడిపోయింది, మళ్లీ వందమందికి పైగా చనిపోయారు. ఈసారి రాజీనామా ఆమోదం పొందింది. శాస్త్రి నిజాయితీకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ మహబూబ్‌నగర్ వంతెన నేర్పిన పాఠం అరియలూరు వంతెనకు అందలేదన్నది మనం చెప్పుకునే కథలో ఉండదు. రాజీనామా మనిషి గౌరవాన్ని నిలబెట్టగలదు, వంతెనను నిలబెట్టలేదు.

ఇతర దేశాల సంగతి కొంత చెప్పాలి, ముఖ్యంగా శ్రీలంక. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం నాడు చర్చిల్లో, హోటళ్లలో జరిగిన ఆత్మాహుతి దాడుల్లో 260 మందికి పైగా చనిపోయారు. దాడి జరగబోతోందని ఏప్రిల్ 4నే మన దేశ నిఘా సంస్థలు శ్రీలంకను హెచ్చరించాయి. ఆ సమాచారం అక్కడి అధికారుల మధ్య చేతులు మారుతూ ఉండిపోయింది. అధ్యక్షుడికీ ప్రధానికీ పడకపోవడంతో ప్రధానిని జాతీయ భద్రతా మండలి సమావేశాలకు పిలవడమే మానేశారు. బాధిత కుటుంబాలు ప్రాథమిక హక్కుల పిటిషన్లు వేశాయి. 2023 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు, దాడుల నాటి అధ్యక్షుడు, రక్షణ మంత్రి కూడా అయిన మైత్రీపాల సిరిసేన 10 కోట్ల శ్రీలంక రూపాయలు సొంత డబ్బు నుంచి బాధితులకు చెల్లించాలని తీర్పు చెప్పింది. పోలీసు అధిపతి, నిఘా అధిపతి, రక్షణ శాఖ ఉన్నతాధికారులు కూడా చెల్లించాలంది. హెచ్చరిక ఎవరి చేతికి ఏ రోజు వచ్చిందో, వాళ్లు దాన్ని ఏం చేశారో ఒక్కొక్కరి పేరున లెక్క తీసిన తీర్పు అది. మన దేశం పంపిన హెచ్చరికకు పొరుగు దేశం అంత లెక్క చెప్పుకున్నప్పుడు, ఢిల్లీ పోలీసులు చెప్పిన మాటకు హైదరాబాదులో ఏమైందన్న లెక్క మనం అడగలేమా? బ్రిటన్‌లో 2017 మాంచెస్టర్ పేలుడు మీద విచారణ జరిపి, తమ నిఘా సంస్థ ఒక ముఖ్యమైన అవకాశాన్ని జారవిడుచుకుందని 2023లో తేల్చారు. ఆ సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. దానివల్ల బ్రిటన్ బలహీనపడలేదు.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. జరిగిపోయాక చూస్తే అన్నీ స్పష్టంగానే కనబడతాయి, రోజూ వచ్చే వందల హెచ్చరికల్లో ఏది నిజమో ముందుగా ఎవరు చెప్పగలరు అంటారు. ఇది బలమైన మాట. నేను రాజీనామా కాకుండా విచారణ అడగడానికి కారణం కూడా ఇదే. న్యూజిలాండ్‌లో 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద దాడిలో 51 మంది చనిపోయారు. అక్కడి రాయల్ కమిషన్ 2020లో నివేదిక ఇస్తూ, ప్రభుత్వ సంస్థల లోపాల వల్లే ఆ దాడిని పసిగట్టలేకపోయారని చెప్పలేమని తేల్చింది. నిఘా అంతా ఒకే రకం ఉగ్రవాదం మీద పెట్టి మిగతాదాన్ని పట్టించుకోకపోవడం తప్పని కూడా చెప్పింది. అంటే విచారణ ప్రభుత్వాన్ని దోషిగా నిలబెట్టడానికే పుట్టింది కాదు, నిర్దోషి అయితే ఆ మాటా చెబుతుంది. దిల్‌సుఖ్‌నగర్ విషయంలో అక్టోబరు సమాచారం వచ్చాక మన పోలీసులు నెలల తరబడి అక్కడ కాపలా కాసి, చివరికి ఒక్క సాయంత్రం ఏమరపాటులో దెబ్బతిన్నారేమో. అదే నిజమైతే వాళ్ల శ్రమ కూడా మనకు తెలియాలి. లెక్క చెప్పని చోట పని చేసినవాడికీ చేయనివాడికీ ఒకే మచ్చ మిగులుతుంది. 2025 మేలో విజయనగరం, హైదరాబాదులకు చెందిన ఇద్దరు యువకులను పేలుళ్లకు కుట్ర పన్నారన్న ఆరోపణపై రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు కలిసి పట్టుకున్నారు. ఆ ఆరోపణను కోర్టు తేల్చవలసి ఉంది. సమాచారం ఒక చోటినుంచి ఇంకో చోటికి సరిగ్గా చేరడం మనకు అసాధ్యమేమీ కాదని మాత్రం దాన్నిబట్టి తెలుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది, దీన్ని తేలిగ్గా దాటిపోలేను. ప్రభుత్వం మీద బాధ్యత ఒత్తిడి పెంచితే అది అమాయకుల మీద పడుతుందని మానవ హక్కులవాళ్లు అంటారు. మన నగరంలోనే దానికి రుజువు ఉంది. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో పేలుడుకు తొమ్మిది మంది బలయ్యారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు చనిపోయారు. వెంటనే పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదులు వచ్చాయి. కోర్టుల్లో వాళ్ల మీద కేసులు నిలవలేదు. 2011లో ప్రభుత్వం అలాంటి 70 మందికి పరిహారం ప్రకటించింది, తర్వాత హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. దర్యాప్తు సీబీఐ నుంచి ఎన్‌ఐఏకు పోయి, నిందితులు వేరేవాళ్లయ్యారు. 2018 ఏప్రిల్ 16న స్వామి అసీమానంద సహా ఐదుగురూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆ మసీదులో నమాజుకు వచ్చి చనిపోయిన తొమ్మిది మంది చావుకు ఈరోజుకీ ఎవరికీ శిక్ష లేదు. 2005లో బేగంపేట టాస్క్‌ఫోర్స్ కార్యాలయం మీద జరిగిన ఆత్మాహుతి దాడి కేసులో నిందితులు కూడా 2017లో నిర్దోషులుగా విడుదలయ్యారు. ఒత్తిడి వల్లే ఇదంతా జరిగిందనడం నిజమే. అది ఏ రకం ఒత్తిడో చూడండి. ఎవరినో ఒకరిని త్వరగా పట్టుకుని చూపించాలన్న ఒత్తిడి అది. ముందు ఏం తెలుసు, ఏం చేశారు అని ఎవరూ అడగరని తెలిసిన చోట, అరెస్టుల సంఖ్యే ప్రభుత్వ పనితీరుకు కొలత అవుతుంది. అడగవలసిన ప్రశ్న అడిగి ఉంటే, తప్పుడు దారిలో పోయిన దర్యాప్తు కూడా అదే లెక్కలోకి వచ్చేది. అమాయకుణ్ని పట్టుకోవడమంటే అసలువాణ్ని వదిలేయడమే కాబట్టి, మే 18 తర్వాత తప్పుదారి పట్టిన ఆ మూడు నెలలకూ ఆగస్టు 25కూ ఏమైనా సంబంధం ఉందేమో తేల్చవలసి ఉండింది. మక్కా మసీదు సంఘటనలపై వేసిన జస్టిస్ వి. భాస్కరరావు కమిషన్ నివేదికను పుస్తకంగా అచ్చువేసి జిల్లా గ్రంథాలయాల్లో పెట్టించమని కూడా ఈ సందర్భంగా కోరుతున్నాను.

రహస్యాలు బయటపెడితే శత్రువుకు మేలు జరుగుతుందన్న అభ్యంతరానికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మాంచెస్టర్ విచారణలో రహస్యమైన సాక్ష్యాన్ని మూసిన తలుపుల వెనక విన్నారు, సారాంశాన్ని అచ్చు వేశారు. 2001 సెప్టెంబరు 11 దాడుల మీద అమెరికా కమిషన్‌లో రెండు పార్టీల వాళ్లూ చెరి ఐదుగురు కూర్చున్నారు. అధ్యక్షుడికి 2001 ఆగస్టులో అందిన నిఘా పత్రాన్ని కూడా బయటపెట్టించారు. వేగుల పేర్లు దాచండి, పద్ధతులు దాచండి. సమాచారం ఎవరికి ఏ తేదీన చేరిందన్నది పన్నెండేళ్ల తర్వాత కూడా రహస్యమైతే అది కాపాడేది దేశాన్ని కాదు.

ఇక సమైక్యత మాట. దాడి జరిగిన వెంటనే ప్రశ్నలు వేయడం దేశాన్ని బలహీనపరచడమని అంటారు. నెల గడిస్తే ఇంకా పాత గాయం రేపుతున్నారంటారు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. జవాన్లను విమానాల్లో తరలించాలని కోరితే ఒప్పుకోలేదని అప్పటి గవర్నర్ సత్యపాల్ మలిక్ 2023లో చెప్పారు. అది నిజమో అబద్ధమో తేల్చే నివేదిక ఏదీ పార్లమెంటు ముందుకు రాలేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అది భద్రతా వైఫల్యమేనని, పూర్తి బాధ్యత తనదేనని జమ్ముకశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా జులైలో ఒక పత్రికతో అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనను గౌరవిస్తాను. అయితే దాడి జరిగిన బైసరన్ మైదానంలో అంతమంది యాత్రికులకు కాపలా ఎందుకు లేదన్న వివరం ఆ వాక్యంతో మనకు తెలియలేదు. ముష్కరులను మట్టుబెట్టడం, సరిహద్దు దాటి దెబ్బ కొట్టడం ప్రభుత్వం చేసిన పనులే, వాటిని కాదనను. అవి దాడి తర్వాతి పనులు. నేను అడుగుతున్నది ముందటి పనుల గురించి.

హంతకుడు ఉగ్రవాది అయితే ప్రభుత్వాన్ని అంటారేమిటని అడిగేవాళ్లకు మన పల్లెలోనే జవాబు ఉంది. చెరువు కట్ట తెగితే వానదే తప్పని ఏ ఊరూ ఊరుకోదు. తూము ఎవరు చూశారు, కట్టకు బొరియలు పడితే ఎప్పుడు చెప్పారు, చెప్తే ఎవరు విన్నారు అని నీరటిని పిలిచి అడుగుతారు. అది వాన తప్పును తగ్గించడం కాదు. వాన మళ్లీ వస్తుందని తెలిసినవాళ్లు చేసే పని.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల తర్వాత 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం ఒకటి వచ్చింది. జనం గుమికూడే దుకాణాలు, ఆస్పత్రులు, ఇతర సంస్థలు సీసీ కెమెరాలు పెట్టుకోవాలి, రికార్డింగు 30 రోజులు దాచాలి, ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. మంచిదే. బట్టల దుకాణంవాడి మీద ఆరు నెలల గడువు పెట్టిన సభకు, ప్రభుత్వం మీద ఒక గడువు పెట్టే అధికారం ఉంది. ప్రభుత్వం ఖర్చుపెట్టిన ప్రతి పైసాకు కాగ్ లెక్క తీస్తుంది, ఆ లెక్కను ప్రజా పద్దుల కమిటీ చూస్తుంది, ఆ కమిటీ అధ్యక్ష స్థానాన్ని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ప్రాణాల లెక్కకూ అలాంటి కమిటీ ఒకటి కావాలి. రాష్ట్రంలో ఉగ్రదాడి జరిగిన ఆరు నెలల్లోపు, పోలీసులకు ముందుగా ఏ సమాచారం అందింది, దాన్ని ఎలా వాడారు అన్న నివేదిక సభ ముందుకు రావాలి. ప్రతిపక్ష సభ్యుడి అధ్యక్షతన అది తయారు కావాలి.

పాత లెక్కకైతే కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం మూడో సెక్షను ప్రకారం, రాష్ట్ర చట్టసభ తీర్మానం చేస్తే ప్రభుత్వం కమిషన్ వేసి తీరాలి, అది ప్రభుత్వం ఇష్టానికి వదిలిన విషయం కాదు. కమిషన్ నివేదిక అందిన ఆరు నెలల్లో, తీసుకున్న చర్యల వివరంతో సహా దాన్ని సభ ముందు పెట్టాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. ఇందులో ఒక పార్టీని ఇరికించే ఉద్దేశం నాకు లేదు. 2002 నాటికి ఇక్కడ తెలుగుదేశం, ఢిల్లీలో ఎన్డీఏ అధికారంలో ఉన్నాయి. 2007లోనూ 2013లోనూ రెండు చోట్లా కాంగ్రెస్ ఉంది. 2014 నుంచి దాదాపు పదేళ్లు టీఆర్ఎస్ పాలించింది, ఆ ఫైళ్లు ఆ ప్రభుత్వం చేతిలోనూ ఉన్నాయి. ఇన్ని పార్టీలకు వాటా ఉన్న విషయం కాబట్టే, ఒకరి మీద ఒకరు రాళ్లు వేసుకోకుండా తీర్మానం చేయడానికి వీలుంది.

వచ్చే సమావేశాల్లో ఆ తీర్మానం పెట్టండి. కమిషన్‌కు అప్పగించే ప్రశ్నల్లో మొదటిది ఇలా రాయండి: 2012 అక్టోబరులో ఢిల్లీ పోలీసులు వెల్లడించిన రెక్కీ సమాచారం హైదరాబాదు, సైబరాబాదు కమిషనరేట్లకు ఏ తేదీన చేరింది, ఎవరు సంతకం చేసి తీసుకున్నారు, ఆ రోజు నుంచి 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఏడు గంటల వరకు దాని మీద ఏం జరిగింది.

ఇట్లు,
నారాయణఖేడ్ నియోజకవర్గ ఓటరు,
సంగారెడ్డి జిల్లా